షిప్ బయల్దేరే ముందు నేవీ వదిలేస్తానంటున్నాడు మా తమ్ముడు. కుదురుతుందా?

మల్కాపురం అక్క · ఆదివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇక్కడ నేవీ ఇళ్లవాళ్లు, రిటైరైన పెద్దలు చాలామంది ఉన్నారని ధైర్యం చేసి రాస్తున్నాను.

మా తమ్ముడు సెయిలర్. 2015లో చేరాడు, అగ్నిపథ్ (నాలుగేళ్ల కొలువు పథకం) రాకముందు బ్యాచ్. ఇప్పుడు [నిర్వాహకుడు తీసేశారు] మీద ఉన్నాడు. ఆ షిప్ [నిర్వాహకుడు తీసేశారు] బయల్దేరుతుందట. మళ్లీ రావడానికి నెలలు పడుతుందట.

ఇంట్లో చూస్తే అమ్మకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. మరదలికి ఏడో నెల. మా ఆయనది పరవాడలో షిఫ్టు డ్యూటీ. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. నాన్న లేరు.

తమ్ముడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. మూడు రోజుల్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. "నేను వెళ్లను అక్కా, రిజైన్ చేసేస్తాను" అంటున్నాడు. అమ్మ కూడా "వచ్చెయ్ నాన్నా, కలో గంజో ఇక్కడే తాగుదాం" అంటోంది. షిప్ కదిలేలోపు ఉద్యోగం వదిలెయ్యొచ్చా? ఎన్ని రోజులు పడుతుంది? డబ్బు కట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిర్వాహకుడు · రాత్రి 8:52

అక్కా, మీ పోస్టులో షిప్ పేరు, బయల్దేరే తేదీ నేనే తీసేశాను. కోపం వద్దు. షిప్‌లు ఎప్పుడు ఎటు వెళ్తాయో బయట రాయకూడదు. 2019 డిసెంబర్‌లో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని మన వైజాగ్ వాళ్లతో కలిపి ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో స్నేహం నటించి షిప్‌ల కదలికలు రాబట్టారన్నది కేసు. ఆ నెలలోనే నేవీ షిప్‌ల మీద, బేస్‌లలో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. మీరు ఇలా రాశారని తెలిస్తే ముందు చిక్కు మీ తమ్ముడికే. జవాబు రాసేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోండి.

పాత పీవో · రాత్రి 9:15

అమ్మా, నేను పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. గాజువాకలో ఉంటాను. నాకు తెలిసింది చెబుతా.

ముందు "రిజైన్" అనే మాట పక్కన పెట్టండి. కంపెనీలో లాగా నెల ముందు లెటర్ ఇచ్చి బయటికొచ్చే పద్ధతి సెయిలర్‌కి లేదు. చేరినప్పుడు ఇన్నేళ్లు చేస్తానని సంతకం పెడతాడు. దాన్ని ఎంగేజ్‌మెంట్ అంటారు. మీ తమ్ముడి బ్యాచ్‌లో మామూలు ఎంట్రీలకి 15 ఏళ్లు. మధ్యలో వెళ్లాలంటే డిశ్చార్జ్ కోసం, అంటే కొలువు నుంచి విడుదల కోసం, అర్జీ పెట్టుకోవాలి. కారణం చూపించాలి, కాగితాలు జత చెయ్యాలి. అది డివిజనల్ ఆఫీసర్ నుంచి కమాండింగ్ ఆఫీసర్‌కి, అక్కణ్నుంచి ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి వెళ్తుంది. ఒప్పుకుంటారన్న హామీ లేదు. రోజుల్లో తేలే పని అసలే కాదు. సెయిలింగ్‌కి ముందు పెట్టిన అర్జీని ఇంకా గట్టిగా చూస్తారు. ప్రతిసారీ ఎవరో ఒకరు పెడతారు కాబట్టి.

ఇప్పుడు డబ్బు సంగతి. 15 ఏళ్లు నిండకపోతే సర్వీస్ పెన్షన్ లేదు. పదేళ్లు చేసి సొంత కోరిక మీద వచ్చేస్తే ఎక్స్ సర్వీస్‌మన్ కూడా కాడు. ఇది చాలామందికి తెలియదు, బయటికొచ్చాక తెలిసి తల పట్టుకుంటారు. సొంతంగా వదిలేసేవాడు పెన్షన్ సంపాదించుకున్నాకే వదలాలి, అప్పుడే ఆ హోదా. అది లేకపోతే కేంద్ర ఉద్యోగాల్లో గ్రూప్ సికి ఉన్న 10 శాతం కోటా లేదు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) వైద్యం లేదు. మీ అమ్మగారి కోసం వదిలేస్తానంటున్నాడు కదా. అమ్మగారిని డిపెండెంట్‌గా (తనపై ఆధారపడిన మనిషిగా) చేర్పించి ఉంటే నేవీ ఆస్పత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణిలో చూపించుకునే అర్హత కూడా ఈ ఉద్యోగం వల్లే.

చేర్పించారా, లేదా? ముందు అది చెప్పండి.

సాగరతీరం · రాత్రి 9:31

ఇంత టెన్షన్ ఎందుకండీ. సెలవులో ఉన్నాడు కదా, ఇంట్లోనే ఉండిపోమనండి. నడుం నొప్పి అని ఏదైనా ప్రైవేటు ఆస్పత్రి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోతుంది. షిప్ వెళ్లిపోయాక నెమ్మదిగా వెళ్లి కనబడొచ్చు. మా వీధిలో ఒకాయన అలాగే చేశాడని విన్నాను.

విజయనగరం సుబేదార్ · రాత్రి 9:40

పై సలహా దయచేసి ఎవరూ పాటించకండి. నేను ఆర్మీలో 28 ఏళ్లు చేశాను. ఇలాంటి మాట విని పాడైపోయిన పిల్లల్ని కళ్లారా చూశాను.

నాకు తెలిసిన చట్టం ఆర్మీది. ఆర్మీ యాక్ట్ 1950లో 38వ సెక్షన్ డెసర్షన్ (కొలువు వదిలి పారిపోవడం), 39వ సెక్షన్ సెలవు లేకుండా గైర్హాజరు. 39 కింద మూడేళ్ల వరకు జైలు. 38 కింద మామూలు పరిస్థితుల్లో ఏడేళ్ల వరకు. యాక్టివ్ సర్వీస్‌లో ఉండగా, లేదా దానికి వెళ్లమని ఆర్డర్ వచ్చాక పారిపోతే మరణశిక్ష వరకూ రాసి ఉంది. 30 రోజులు కనబడకపోతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. నేవీకి 1957 చట్టం వేరే ఉంది. అందులోనూ డెసర్షన్ నేరమే. బయల్దేరబోయే షిప్‌ని మిస్ చెయ్యడం ఆదివారం సెలవు దాటి ఓ పూట ఆలస్యంగా రావడం లాంటిది కాదు.

దొంగ సర్టిఫికెట్ సంగతి. సర్వీస్ డాక్టర్ తిరిగి పరీక్ష చేస్తాడు. దొరికిపోతే గైర్హాజరుతో పాటు అబద్ధం కూడా నెత్తిన పడుతుంది. ఆ తరవాత నిజంగా తల్లికి బాగోలేదని చెప్పినా ఎవరు నమ్ముతారు?

నా కంపెనీలో ఒక కుర్రాడు ఉండేవాడు, మన శ్రీకాకుళం వైపు. భార్యకి కాన్పు కష్టమైందని ఫోన్ వస్తే ఎవరికీ చెప్పకుండా రైలెక్కేశాడు. అడిగి ఉంటే ఆ రాత్రే పంపించేవాళ్లం. అడగడానికి భయపడ్డాడు. 40 రోజుల తరవాత తిరిగొచ్చాడు. మంచి సైనికుడు. ఆ ఒక్క ఎర్ర గీత సర్వీస్ బుక్కులో ఉండిపోయి ప్రమోషన్ ప్రతిసారీ ఆగింది. ఇప్పటికీ నాకు బాధే. మేం అడగనిచ్చేలా లేమా అని.

మల్కాపురం అక్క · రాత్రి 10:05

పీవో గారూ, అమ్మని చేర్పించలేదు. నాన్న ఉన్నప్పుడు అవసరం రాలేదు, తరవాత ఎవరికీ తోచలేదు.

ఇంకో సంగతి ముందే చెప్పాల్సింది. భయమేసి రాయలేదు. తమ్ముడి సెలవు రేపు ఉదయంతో అయిపోతుంది. ఏడున్నరకి రిపోర్ట్ చెయ్యాలి. వాడు బ్యాగ్ సర్దలేదు. "తలుపు దాటను" అని పడుకున్నాడు.

పాత పీవో · రాత్రి 10:08

అమ్మా, అయితే డిశ్చార్జ్, పెన్షన్ అన్నీ తరవాత. ముందు వాడు రేపు ఏడున్నరకి గ్యాంగ్‌వే (షిప్‌లోకి వెళ్లే మెట్లు) ఎక్కాలి. లోపలికెళ్లి ఏదైనా అడగొచ్చు. బయట ఉండిపోతే అడిగే హక్కే పోతుంది.

వెళ్లి ఎవర్ని కలవాలో కూడా చెబుతా. ముందు తన డివిజనల్ ఆఫీసర్. ఆయన పనే అది, డివిజన్‌లోని మనుషుల ఇంటి సంగతులు చూడటం. తరవాత రిక్వెస్ట్‌మెన్ (పద్ధతి ప్రకారం విన్నపం) పెట్టి కమాండింగ్ ఆఫీసర్ ముందు నిలబడొచ్చు. అడగాల్సింది డిశ్చార్జ్ కాదు. కంపాషనేట్ కారణం మీద, అంటే ఇంటి కష్టం చూపించి, సెలవు పొడిగింపో, ఒడ్డు మీద పోస్టింగో అడగమనండి. అమ్మ డయాలసిస్ కాగితాలు, మరదలి స్కానింగ్ రిపోర్టులు, ఇంట్లో వేరే మగదిక్కు లేదని రాసిన ఉత్తరం, మూడూ ఫైలులో పెట్టి ఇవ్వండి. ఉట్టి నోటిమాటకి ఎవరూ ఏమీ చెయ్యలేరు. కాగితం ఉంటే ఆఫీసర్ కూడా పై వాళ్లని అడగగలడు.

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ఇల్లాలు · రాత్రి 10:20

అక్కా, నేను సెయిలర్ భార్యని. మీ మరదలితో ఒకసారి మాట్లాడాలని ఉంది.

నా మొదటి కాన్పుకి ఆయన సముద్రంలో ఉన్నారు. ఒడ్డు దాటాక ఫోన్ పని చెయ్యదు కదా, బాబు పుట్టిన సంగతి ఆయనకి మూడో రోజు తెలిసింది. పక్క క్వార్టర్ ఆవిడ, ఒరియా ఆవిడ, నాకు తెలుగు తప్ప రాదు, ఆవిడకి తెలుగు రాదు, రాత్రి రెండింటికి నన్ను కల్యాణికి తీసుకెళ్లి తెల్లారేదాకా కూర్చుంది. అలా అని ఏడవలేదని చెప్పను. చాలా ఏడ్చాను. ఆయన మీద కోపం ఏడాది పోలేదు.

మరదలు ఏమంటోంది? మీ పోస్టులో అమ్మగారి మాట ఉంది, మీ మాట ఉంది. ఆ పిల్ల మాట ఎక్కడా లేదు.

నేవీ వెల్ఫేర్ అండ్ వెల్‌నెస్ అసోసియేషన్ ఉంది కదా, ఇదివరకు వైవ్స్ అసోసియేషన్ అనేవాళ్లం. షిప్ బయటికెళ్లినప్పుడు ఆ షిప్ ఇళ్లవాళ్లని పలకరించే ఆడవాళ్లుంటారు. మరదలి నంబరు వాళ్ల దగ్గర ఉందో లేదో కనుక్కోండి. పుట్టిన బిడ్డని చూడటానికి 15 రోజుల పెటర్నిటీ సెలవు కూడా ఉంటుంది. షిప్ ఎక్కడుందన్నదాన్ని బట్టి ఇస్తారు.

మధురవాడ · రాత్రి 10:34

నాకు ఒకటి అర్థం కావట్లేదు, నిజంగానే అడుగుతున్నాను. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు ఉద్యోగం మానేశాను, ఎవరూ ఆపలేదు. మన దగ్గర బలవంతపు సైనిక సేవ లేదు. ఇష్టపడి చేరిన మనిషికి ఇష్టం లేనప్పుడు వెళ్లిపోయే హక్కు ఎందుకుండదు? తల్లి మంచంలో ఉంటే దేశం పేరు చెప్పి ఆపడం న్యాయమా?

కోర్టు మెట్లు · రాత్రి 10:50

చట్టం మాట నేను చెబుతా. 2019లో సుప్రీంకోర్టు ముందుకి ఒక ఎయిర్‌మన్ (ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగి) కేసు వచ్చింది. బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఎంగేజ్‌మెంట్ మధ్యలో వదలాలనుకున్నాడు. సాయుధ బలగాల్లో చేరినవాడికి ఇష్టమొచ్చినప్పుడు వెళ్లిపోయే హక్కు లేదని కోర్టు చెప్పింది. బలగంలో ఎంతమంది ఉండాలన్నది దేశ రక్షణకి సంబంధించిన సంగతి అని కారణం. ఆర్మీ రూల్స్‌లోనూ ఇదే ఉంది. సొంత కోరిక మీద డిశ్చార్జ్ ఇచ్చేటప్పుడు యూనిట్ బలం మరీ తగ్గిపోదని కమాండింగ్ ఆఫీసర్‌కి నమ్మకం కుదరాలి. సెయిలింగ్ ముందు ఆ నమ్మకం ఎవరికి కుదురుతుంది చెప్పండి?

అర్జీ అన్యాయంగా తోసేశారనిపిస్తే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్ ఉంది. 2007 చట్టం, 2009లో పని మొదలైంది. మన రాష్ట్రానికి చెన్నై బెంచ్. కానీ అక్కగారికి ఇప్పుడు దానివల్ల లాభం లేదు. ముందు లోపల ఉన్న దారులన్నీ అడిగి చూశామని అక్కడ చూపించాలి.

పాత పీవో · రాత్రి 11:05

మధురవాడ బాబుకి. మీ ప్రశ్నలో తప్పు లేదు. చట్టం సంగతి ఆయన చెప్పారు, నేను షిప్ సంగతి చెబుతా.

షిప్‌లో ప్రతి మనిషికీ ఒక చోటు ఉంటుంది. ఇంజిన్ రూమ్‌లో నాలుగు గంటల వాచ్ డ్యూటీ అయ్యాక దిగేవాడి చోటులోకి ఎక్కేవాడు రావాలి. ఒకడు రాకపోతే ఆ నాలుగు గంటలు పక్కవాడి నిద్రలోంచి పోతాయి. నెలల తరబడి. మంటలంటుకుంటే ఎవడు ఏ పైపు పట్టుకోవాలో పేరు పేరునా రాసి ఉంటుంది. ఆ కాగితంలో ఒక పేరు ఖాళీ అయితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే చివరి నిమిషంలో వదలరు. పగ పట్టి కాదు.

అయితే తల్లి మంచంలో ఉందని ఏడ్చే కుర్రాణ్ని వాచ్‌లో నిలబెట్టినా ప్రమాదమే. తెలివైన ఆఫీసర్‌కి ఇదీ తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను సముద్రంలో ఉన్నాను. ఇక్కడ ఇంటి మీద రేకులు లేచిపోయాయి, ఫోన్లు లేవు, మా ఆవిడ ఎలా ఉందో నాలుగు రోజులు తెలియదు. ఆ నాలుగు రోజులూ నేను చదివిన మీటర్ రీడింగులు మా చీఫ్ రెండోసారి చూసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మా వైజాగ్ వాళ్లందరివీ అలాగే చూశాడు. చెప్పుకుంటే పక్కన నిలబడేవాళ్లు ఉంటారు. చెప్పుకోవాలి.

అగ్నివీర్ నాన్న · రాత్రి 11:12

మా అబ్బాయి నేవీ అగ్నివీర్. వాడూ మొదటి సెయిలింగ్ ముందు ఇలాగే ఫోన్ చేసి వచ్చేస్తానన్నాడు. అగ్నివీర్లకి నాలుగేళ్ల మధ్యలో సొంతంగా వదిలే వీలు దాదాపు లేదు, బాగా అసాధారణమైన కారణముంటే తప్ప. వదిలినా సేవా నిధిలో (చివర్లో ఇచ్చే పొదుపు డబ్బు) వాడి జీతం నుంచి కోసిన వాటా, వడ్డీ మాత్రమే వస్తాయి. ప్రభుత్వ వాటా రాదు. నాలుగేళ్లు నిండితే 11.71 లక్షలు. ఈ లెక్కలన్నీ వాడికి చెప్పాను, ఒక్కటీ చెవికెక్కలేదు. చివరికి "ఏమైంది నాన్నా" అని అడిగితే, మెస్ డెక్‌లో (షిప్‌లో సెయిలర్లు ఉండే చోట) ఎవరూ తనతో మాట్లాడట్లేదని చెప్పాడు. అదీ సంగతి. మీ తమ్ముణ్ని ఎందుకని అడిగారా?

మల్కాపురం అక్క · రాత్రి 11:58

అడిగాను. మీరు రాశాకే లేచి వెళ్లి అడిగాను. వరండాలో కూర్చున్నాడు.

అమ్మ, కాన్పు అని మేం అనుకుంటున్నాం. వాడు నాన్న గురించి చెప్పాడు. నాన్న పోయినప్పుడు వాడు సముద్రంలో ఉన్నాడు. కబురు అందింది కానీ షిప్ వెంటనే పోర్టుకి రాలేకపోయింది. పదకొండో రోజుకి ఇంటికొచ్చాడు. తల కొరివి మా పెదనాన్న కొడుకు పెట్టాడు. ఆ రోజు వాడు ఏడవలేదు, ఎవరితో ఏమీ అనలేదు, మర్నాడు జ్ఞానాపురం వెళ్లి ఇంటికి కావాల్సిన సామాన్లన్నీ కొనుక్కొచ్చాడు. మేం "గట్టివాడు" అనుకున్నాం.

ఇప్పుడు చెబుతున్నాడు, ఆ కబురు అందిన చోటు, ఆ నిచ్చెన, దానికి వేసిన పెయింట్ రంగు రోజూ కళ్ల ముందుకొస్తాయట. సెయిలింగ్ మాట వినగానే గుండె దడ, చేతులు వణుకు. "ఈసారి అమ్మ కబురు అక్కడే వస్తుంది అక్కా" అన్నాడు. మూడేళ్లు దాచుకున్నాడు. నేను పక్కింట్లో ఉండి కూడా కనుక్కోలేకపోయాను.

మరదలిని కూడా అడిగాను. ఆ అమ్మాయి "ఉద్యోగం వదలొద్దు, కానీ ఈ భయంతో వెళ్లొద్దు" అంది. అంతకంటే మాకెవరికీ తెలివిగా తోచలేదు.

విజయనగరం సుబేదార్ · అర్ధరాత్రి 12:10

అమ్మా, ఇది పిరికితనం కాదు, వాడికి ఈ మాట నా పేరున చెప్పండి. రేపు డివిజనల్ ఆఫీసర్‌తో పాటు షిప్ డాక్టర్‌కి కూడా ఇదే చెప్పాలి. దడ, వణుకు, నిద్రలేమి, ఎప్పట్నుంచి, అన్నీ. కావాలంటే కాగితం మీద రాసుకుని వెళ్లమనండి, నోట మాట రాకపోతే కాగితం ఇచ్చెయ్యొచ్చు. ఈ రాత్రి మరీ కష్టంగా ఉంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. 2023 డిసెంబర్‌లో పుణేలో సాయుధ బలగాల వాళ్ల కోసమే ఒక ప్రత్యేక విభాగం కూడా మొదలుపెట్టారు. మా రోజుల్లో ఇవేమీ లేవు. ఉంటే బాగుండేది.

పాత పీవో · తెల్లవారుజాము 4:50

నిద్ర పట్టలేదు. బాబు లేచాడా? నేను బండి మీద సింధియా జంక్షన్‌కి వస్తాను. ఆరున్నరకి టీ కొట్టు దగ్గర ఉంటాను. లోపలికి నేను రాలేను. గేటు దాకా తోడొస్తాను.

మల్కాపురం అక్క · సోమవారం రాత్రి 9:20

పొద్దున రాయలేకపోయాను, క్షమించండి. వెళ్లాడు. పీవో బాబాయ్ గేటు దాకా వచ్చారు. ఇద్దరూ టీ తాగారట, ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పరు.

డివిజనల్ ఆఫీసర్ ముందు నోరు పెగల్లేదట, రాసుకున్న కాగితం ఇచ్చాడు. ఆయన తలుపు వేసి రెండుసార్లు చదివి, తనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. కల్యాణిలో స్పెషలిస్టుకి రాశారు, ఎల్లుండి చూస్తారు. సెయిల్ అవ్వాలా వద్దా అన్నది ఆ రిపోర్టు వచ్చాక చెబుతామన్నారు. ఒడ్డు మీద పోస్టింగ్‌కి అర్జీ తీసుకున్నారు. హామీ ఏమీ ఇవ్వలేదు. అమ్మని డిపెండెంట్‌గా చేర్చే ఫారం మాత్రం చేతిలో పెట్టి పంపారు.

రాత్రి అన్నం తిన్నాడు. పప్పుచారు రెండోసారి వేయించుకున్నాడు. అమ్మ ఇంకా "వచ్చెయ్" అంటూనే ఉంది. వెళ్లాల్సి వస్తే ఏమంటావని అడిగితే, "ఏమో అక్కా, కానీ నిన్నటిలా లేదు" అన్నాడు.

ఇప్పుడు నాకున్న ఇబ్బంది మంగళ, గురు, శనివారాలు. డయాలసిస్‌కి అమ్మని ఆటో ఎక్కించి దింపేదాకా పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలియట్లేదు. ఇన్నాళ్లూ మరదలు చూసేది, ఇక ఆ అమ్మాయిని తిప్పలేను.

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ఇల్లాలు · రాత్రి 9:27

గురువారం, శనివారం నేనొస్తాను. మా బాబుకి కూడా తోడు దొరుకుతుంది. మీ సందు ఎక్కడో ఇక్కడ రాయకండి, నాకు విడిగా పంపండి.

అగ్నివీర్ నాన్న · రాత్రి 9:41

రేపు మంగళవారమే కదా. నాది సొంత ఆటో, శ్రీహరిపురంలోనే ఉంటాను. ఎన్నింటికి రమ్మంటారు?